నెమరు పాఠం

నాకు పాట రాదు. వినయం కోసం చెబుతున్న మాట కాదిది. వంటింట్లో ఎప్పుడైనా కూనిరాగం తీస్తే, పొయ్యి మీద పాలున్నాయి, విరిగిపోతాయి, కాసేపు ఆగమనేది మా అమ్మ. అలాంటి నన్ను బీఈడీలో పాటతో, నాటకంతో ఒక పాఠం చెప్పి తీరాలన్నారు.

టీచింగ్ ప్రాక్టీసుకు నాకు తాండూరులో ఒక సర్కారు బడి పడింది. రోజూ పొద్దున్నే వికారాబాద్‌లో రైలెక్కి పోయేదాన్ని. మా పాఠాలు చూసి మార్కులు వేయడానికి కాలేజీ నుంచి ఒక లెక్చరర్ వచ్చేవారు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, జేబులో ఎర్ర పెన్ను. వచ్చి వెనక బెంచీలో కూర్చునేవారు. ఆయన నవ్వగా చూసినవాళ్లు మా బ్యాచ్‌లో లేరు. నా మొదటి పాఠం అయ్యాక రికార్డులో "పిల్లలు మౌనం. టీచరు ఒక్కతే మాట్లాడింది" అని రాసి, మళ్లీ చెప్పమన్నారు. ఈసారి పాట, నాటకం తప్పనిసరి. ఇదీ పోతే వచ్చే ఏడు జూనియర్లతో కలిసి మళ్లీ ప్రాక్టీసుకు రావాలి. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఇంట్లో అప్పటికే నన్ను టీచరమ్మా అని పిలుస్తున్నారు మరి.

ఏడో తరగతి సైన్సులో నెమరువేసే జంతువుల పాఠం ఎంచుకున్నాను. గొర్రె పొట్టలో నాలుగు గదులుంటాయి. మేసిన గడ్డి మొదటి రెండు గదుల్లో నాని, మళ్లీ నోట్లోకి వచ్చి, తీరిగ్గా నమిలించుకుని, అప్పుడు మిగతా రెండు గదులకు పోతుంది. నాటకానికి ఇంతకన్నా మంచి కథ ఏం కావాలి? నలుగురు ఆడపిల్లలు తలో చున్నీ పరిచి పట్టుకుని గదులయ్యారు. పచ్చ కాగితం చుట్టుకున్న ఒకడు గడ్డి. మిగతా క్లాసంతా గొర్రెలు. పాట నేనే రాశాను:

ఎగబడి మేసినదాన్ని ఎనకకు పిలువాలె
తొందర తగ్గినంక తీరిగ్గ నమలాలె

వరస మాత్రం పిల్లలే కట్టుకున్నారు. నేను ఒకసారి పాడి వినిపించాక, డస్టరుతో బల్ల మీద తాళం వేసే పని నాకు అప్పగించారు. అదీ జాలిపడి.

మొదటి రిహార్సల్‌లో మా గొర్రెలన్నీ నిలబడి, జొన్నరొట్టె తింటున్నట్టు దవడలు పైకీ కిందికీ ఆడించాయి. మూడో బెంచీలో ఒక అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. వాళ్లింట్లో గొర్రెల మంద ఉంది. క్లాసులో అడిగితే తప్ప మాట్లాడని పిల్ల. నాకేమో కోపం ముక్కు మీదుంటుంది. నవ్వడమెందుకని ఒంటికాలి మీద లేచాను.

"గొర్లు గట్ల నమలయి టీచర్," అంది నేల చూస్తూ. "పక్కకు నములుతయి. పండుకోని, కండ్లు సగం మూస్కోని నములుతయి."

పుస్తకంలో అలా లేదన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ పిల్ల కూర్చుంది.

సాయంత్రం స్టేషన్‌కు నడుస్తుంటే, బండలు కోసే మిషను పక్కన తెల్లటి రాతిపొడిలో నాలుగు గొర్రెలు పడుకుని కనిపించాయి. ఆగి చూశాను. కింది దవడ పక్కకే జరుగుతోంది. కళ్లు సగం మూసే ఉన్నాయి. దారిన పోయే లారీ హారన్ కొట్టగానే నాలుగూ ఒక్కసారి నమలడం ఆపి తలెత్తాయి. సద్దుమణిగాక మళ్లీ మొదలుపెట్టాయి. పరుగెత్తి రైలందుకున్నాను గానీ, దారి పొడవునా సిగ్గేసింది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న పిల్ల మాటను ఒక పుస్తకం చూసి కొట్టిపారేశాను.

మర్నాడు అందరి ముందే తప్పు నాదని చెప్పి, నువ్వే నేర్పమన్నాను. ఆ పిల్ల మొదట పక్కవాళ్ల మొహాలు చూసింది. తర్వాత లేచింది. పది నిమిషాల్లో క్లాసు మందైపోయింది. నెమరేసేటప్పుడు ఎవరూ అరవొద్దని, భయపడితే గొర్రెలు నెమరు ఆపేస్తాయని నాక్కూడా కలిపి చెప్పింది. చివర్లో వాళ్ల తాత మందను నీళ్లకు పిలిచే పిలుపు తానే పిలుస్తానంది. నాలుకను అంగిలికి గబగబా తాటించి, చివర్లో సన్నగా ఈల సాగదీయాలి. అది వినగానే గొర్రెలన్నీ లేచి, ముందు పరిచిన నీలం చున్నీ దగ్గరికి నీళ్లకు పోతాయి. దాంతో పాఠం ముగుస్తుంది.

పరీక్ష రోజు పాట బాగానే నడిచింది. గడ్డి నోట్లోకి తిరిగి వచ్చింది. పిల్లలందరూ బండల మీద పడుకుని, కళ్లు సగం మూసి, పక్కకు నమలసాగారు. క్లాసంతా నిశ్శబ్దం. వెనక బెంచీలో ఎర్ర పెన్ను తెరుచుకుంది. పోయినసారి రాసిన "పిల్లలు మౌనం" నా కళ్లముందు ఆడింది. లేవండని అరవబోయాను. ఆ పిల్ల వద్దని చెయ్యి ఊపింది. ఊపి, పిలవడానికి నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. భయానికి నోరెండిపోయింది. నా వైపు చూసింది. నేనేం పిలుస్తాను? నా జన్మకు ఈల కూడా రాదు. ఇంటికెళ్లి ఏం చెప్పాలో మనసులో మాటలు కూర్చుకోవడం మొదలుపెట్టాను.

అప్పుడు వెనక బెంచీ నుంచి పిలుపు వచ్చింది. నాలుక అంగిలికి తాటించి, చివర సన్నటి ఈల. తెల్ల చొక్కా సార్, పెన్ను చేతిలోనే ఉంది.

గొర్రెలు లేచాయి. నీలం చున్నీని ఎవరూ పట్టించుకోలేదు. అందరూ మోకాళ్ల మీద పాకుతూ వెళ్లి ఆయన బెంచీని చుట్టేశారు. గొర్రెలు నీళ్ల దిక్కుకు కాదు, పిలిచినవాళ్ల దిక్కుకే పోతాయట. ఆ పిల్ల తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం సార్‌ను, ఏ ఊరు సార్ మీది, అని అడిగింది.

"దౌల్తాబాద్ దిక్కు బిడ్డా," అన్నారాయన. "మా నాయినకు గొర్లుండె."

అంతే చెప్పి, రికార్డు మీద సంతకం పెట్టి, గబగబా వెళ్లిపోయారు. నేను తెరిచి చూసుకుంటే మార్కుల గడి ఖాళీగా ఉంది.

మర్నాడు కాలేజీలో భయంభయంగా ఆయన గదికి వెళ్లాను. రికార్డు ముందు పెట్టాను. ఆయన దాన్ని తెరవలేదు. గొంతు తగ్గించి అడిగారు.

"నా పిలుపు ఎట్లున్నదన్నదమ్మా ఆ బిడ్డ?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలేదు. బాగానే ఉందంది సార్, కాకపోతే చివర ఈల ఇంకొంచెం సాగాలట, అన్నాను.

ఆయన తలూపారు. లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి, మళ్లీ పిలిచారు. ఈసారి ఈల చాలాసేపు సాగింది. అప్పుడు నా రికార్డు తెరిచి, ఎర్ర పెన్నుతో ఖాళీ గడి నింపారు.