రంగయ్య కళ్ళెందుకు తుడుచుకున్నాడు?

నా చిన్నప్పుడు గద్వాలలో మేమున్న వీధిలో మబ్బు పడితే ఆడవాళ్ళు తిట్టుకునేవారు, మగవాళ్ళు పరుగెత్తేవారు. మాది నేత పని. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే చీర నిలువు దారాలను, వీధి పొడవునా పరిచి గంజి పట్టించి ఆరబెట్టాలి. ఆరకముందే చినుకు పడితే దారాలు ఒకదానికొకటి అంటుకుపోయి, తరువాత మగ్గం మీద తెగుతూనే ఉంటాయి. మగ్గం గుంటలో నీళ్ళు ఊరితే అసలు పనే ఉండదు. వాన గురించి నాకు తెలిసింది అంతే. ఏడో తరగతి పిల్లకు అంతకంటే ఎక్కువ తెలియాలనుకున్నవాళ్ళు ముందే చెప్పి ఉండవలసింది.

ఆ ఏడాది చివర మాకు జిల్లా అంతటికీ ఒకటే ప్రశ్నపత్రంతో పెద్ద పరీక్ష. తెలుగులో ఎన్నడూ చూడని పేరా ఒకటి ఇచ్చి, చదివి సొంత మాటల్లో జవాబులు రాయమంటారు. బట్టీ పడితే వచ్చేది కాదు కాబట్టి అందరికీ దానితోనే భయం. మా తెలుగు సారు గట్టెక్కేట్టున్న పిల్లలను ఏరి, సాయంత్రం విడిగా కూర్చోబెట్టి రాయించేవారు. ఏరనివాళ్ళను వదిలేసినట్టే లెక్క. మా నాయన కూడా మాట ఖాయం చేశాడు. "సారు నిన్ను సాయంత్రం క్లాసుల కూసోబెడితే సదువు. లేదంటే మీ అమ్మ పక్కన మగ్గం మీద కూసో."

ఏరడానికి పెట్టిన పరీక్షలో పేరా చిన్నదే. రంగయ్య నాగలి గోడకు ఆనించి నెల దాటింది. ఒకరోజు మబ్బు కమ్మింది, చినుకులు మొదలయ్యాయి. రంగయ్య ఆకాశం వైపు చూసి కళ్ళు తుడుచుకున్నాడు. ఎందుకు తుడుచుకున్నాడో రాయాలి. వానకు పని పాడైపోతుందని బాధపడి ఏడ్చాడని రాశాను.

సారు వాళ్ళది పొలాలున్న ఇల్లు. నా కాగితం ఎత్తి పట్టుకుని క్లాసంతటికీ చదివి వినిపించారు. "చూడుర్రి! వానొస్తె ఏడ్చే మనిషిని ఎన్నడన్న చూసిన్రా మీరు? ఈ పిల్ల చూసిందంట!" అందరూ నవ్వారు. నా పక్కన కూర్చున్న పిల్ల కూడా నవ్వింది. వాళ్ళదీ మగ్గమే, వాళ్ళ పడుగూ మా పడుగు పక్కనే ఆరేది. సారు నవ్వుకన్నా ఆ నవ్వునే ఎక్కువ గుర్తుపెట్టుకున్నాను. ఎర్ర సిరాతో సున్నా చుట్టి, దసరా సెలవుల ముందు ఇంకొక్కసారి పరీక్ష పెడతానని, అదే ఆఖరని చెప్పారు. అప్పటిదాకా బడిలో నా పేరు వానేడ్పు.

ఆ సంగతి విని నవ్వని మనిషి పక్కింటి అక్క ఒక్కతే. వాళ్ళది పెబ్బేరు దగ్గర పల్లె. కౌలు చేను ఎండిపోతే వచ్చి మా పక్కన గది తీసుకున్నారు. అక్క ఇంటర్ చదివేది. వాన పడగానే ఊరికి పోయి విత్తాలని వాళ్ళ నాయన విత్తనాల మూట తలుపు పక్కనే పెట్టుకుని ఉండేవాడు.

ఒక ఆదివారం పొద్దున మా పడుగు వీధిలో ఉండగా మబ్బు వచ్చింది. మేమంతా పరుగెత్తి చుట్టేలోపే జల్లు పడింది. నేను దారాలు పట్టుకుని ఏడుస్తుంటే అక్క నా భుజం పట్టి తిప్పింది. "అటు చూడు చెల్లె." వాళ్ళ నాయన చెప్పుల్లేకుండా వీధి మధ్యలో నిలబడి, ముఖం పైకెత్తి, రెండు చేతులూ చాపి తడుస్తున్నాడు. అంత సంతోషం ఆ మనిషి ముఖంలో నేనెన్నడూ చూడలేదు. కాసేపటికి వాన ఆగిపోయింది. మా పడుగు పాడవడానికి సరిపోయింది, వాళ్ళ చేను తడవడానికి చాలలేదు. మా నాయన ఈ అరుగు మీద, వాళ్ళ నాయన ఆ అరుగు మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నారు. ఒకరివైపు ఒకరు చూసుకోలేదు.

మధ్యాహ్నం అక్క నన్ను పిలిచి, ఇద్దరూ ఎందుకు ఏడ్చారో విడివిడిగా రాయమంది. రాశాను. తరువాత సారు ఇచ్చిన పేరా చెప్పించుకుని అడిగింది. "గిప్పుడు చెప్పు. అండ్ల ఉన్నది ఎవరి నాయన?"

నాగలి అన్న మాట మొదటి వాక్యంలోనే ఉంది. చదివాను గానీ పట్టించుకోలేదు. "మీ నాయన. వానొచ్చిందన్న సంతోషంతోని తుడుచుకున్నడు," అన్నాను.

"గంతే. చదివేటప్పుడు మీ ఇంట్ల కూసోని చదువకు. గాయన ఇంట్లకు పోయి, ఏమేమున్నయో చూసి రాయి. రాసినంక మల్ల మీ ఇంటికి రా. గాడనే ఉండిపోకు." ఇంకేమీ నేర్పలేదు. రోజూ పాత పేపరు ముక్కలు తెచ్చి, ఎవరి ఇంట్లోకి పోవాలో కనుక్కోమనేది.

దసరా ముందు పరీక్షలో సోమశిల దగ్గర పడవ నడిపే మనిషి గురించి ఇచ్చారు. ఏటి మీద వంతెన కడతారని ఊరంతా సంబరపడుతుంటే అతను మాత్రం మాట్లాడలేదు. ఎందుకు? నేను పడవ ఎక్కి ఎరగను. అయినా అతని ఇంట్లోకి వెళ్ళి చూసి, వంతెన వస్తే పడవ ఎవరెక్కుతారని రాశాను.

సారు కాగితం చూసి, "ఎవర్ని చూసి రాసినవే?" అన్నారు. ఎవర్నీ చూడలేదంటే నమ్మలేదు. తన బల్ల పక్కన నిలబెట్టి ఇంకో పేరా రాయించారు. అదీ సరిగ్గానే రాశాక, సాయంత్రం క్లాసుకు రమ్మన్నారు. పాత సున్నా గురించి ఒక్క మాట లేదు.

చెప్పాలని ఇంటికి పరుగెత్తాను. పక్క గదికి తాళం ఉంది. పొద్దున్నే కూలీలను తీసుకుపోయే మేస్త్రి లారీ వచ్చిందట, ఇంటిల్లిపాదీ మట్టిపనికి దూరదేశం పోయారట. ఆ ఏడు అక్క రాయవలసిన ఇంటర్ పరీక్ష అక్క లేకుండానే జరిగిపోయింది. మళ్ళీ ఆమెను చూడలేదు.

నేను పాసయ్యాను, మగ్గం ఎక్కలేదు. ఈ వయసులో కూడా ఏది చదివినా, ఎవరేం చెప్పినా ముందు ఆ మనిషి ఇంట్లోకి వెళ్ళి చూసి వస్తాను. సారు ఇంట్లోకి కూడా వెళ్ళి చూశాను. పొలాలున్న ఇంట్లో పుట్టిన మనిషికి వానంటే పంటే. అర్థమైంది. కానీ మా వీధి లెక్కన నా జవాబు తప్పని నేను ఇప్పటికీ ఒప్పుకోలేదు. నేను రంగయ్య ఇంటిదాకా వెళ్ళాను, సారు మా వీధిదాకా రాలేదు. బడికి మా వీధి ఎంతో దూరం కూడా కాదు.