మామిడికాయల బల్ల ఎత్తు

తిరుపతి బస్టాండులో భుజానికి బ్యాగు తగిలించుకుని నిలబడ్డ మనిషి కొండకు తప్ప ఇంకెక్కడికీ పోడని ఆటోవాళ్ళ నమ్మకం. నాది ఈ ఊరేనని, చిత్తూరు బస్సు కోసం చూస్తున్నానని చెప్పినా వదలరు. ‘‘దర్శనం చేస్కోని పోండి సార్, పని యాడికి పోతాది’’ అంటారు. ఆ వేసవంతా ఈ సలహా వింటూనే బస్సెక్కాను. ఇన్నిసార్లు పిలిచినా కొండకు రాని మనిషిని నేనొక్కణ్ణే అయివుంటాను.

నేను చదివింది ఫిజియోథెరపీ. చేసేది ఫ్యాక్టరీలకు వెళ్ళి, అక్కడ పనిచేసేవాళ్ళ మెడలూ భుజాలూ నడుములూ ఎంత ప్రమాదంలో ఉన్నాయో అంచనా వేయడం. జాతకం చెప్పడం లాంటిదే. కాకపోతే శాంతి చేయించే అధికారం నాకు లేదు. ‘తగు చర్యలు తీసుకొనవలెను’ అని రాసి వచ్చేస్తాను. తీసుకున్నారో లేదో తెలుసుకునే అలవాటు క్రమంగా పోయింది.

చిత్తూరు దాటాక ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. సీజను కాబట్టి గేటు బయట తోతాపురి లారీలు బారులు తీరి ఉన్నాయి. లోపల పొడవాటి స్టీలు బల్లకు ఇటువైపు ఆడవాళ్ళు నిలబడి కాయలు కోసి, టెంకలు తీసి, ముక్కల్ని అవతలి తొట్టిలోకి తోస్తారు. నేను పక్కన నిలబడి చెయ్యి ఎంత ఎత్తుకు లేస్తోందో, మెడ ఎంత వంగుతోందో చూసి మార్కులు వేస్తాను. మా పరీక్షలో మార్కులు ఎక్కువొస్తే ఫెయిలు.

ఆ రోజు అందరికీ దండిగా వచ్చాయి. బల్ల వాళ్ళకు మరీ ఎత్తు. మోచేతులు భుజాల దాకా లేస్తున్నాయి. అందరిలోకీ పొట్టిగా ఉన్న ఒకామె మునివేళ్ళ మీద నిలబడి కోస్తోంది. యాభై దాటి ఉంటాయి. మధ్యమధ్యలో ఎడమచేత్తో కుడిభుజం పట్టుకుంటోంది.

‘‘నొప్పిగా ఉందా అక్కా?’’ అన్నాను.

‘‘నాకేం నొప్పి సార్. బాగుండాను.’’

పక్కనున్నామె నవ్వింది. ‘‘ఈయమ్మ పూసుకునే మందు వాసనకు బస్సులో పక్క సీటు ఎప్పుడూ ఖాళీనే సార్.’’

‘‘నువ్వు గమ్మునుండు మే. సారు రాసుకుంటా ఉండాడు.’’

నొప్పి ఉందంటే పని ఉండదని ఆమె భయం. మిగతా ఏడాదంతా శెనక్కాయ చేలల్లో వంగి చేసే పనేనట. నడుము ఎప్పుడో చేతులెత్తేసింది. నిలబడి చేసే పని ఆమెకు దొరికేది ఈ సీజన్లోనే.

నేను రాసింది సూటిగానే రాశాను. బల్ల ఎత్తు తగ్గించాలి, లేదా నిలబడేచోట మెట్టు వేయించాలి.

మేనేజరు మర్యాదస్తుడు. కాఫీ తెప్పించి, నా కాగితం మొత్తం చదివాడు. అలా చదివినవాళ్ళు తక్కువ. ‘‘బల్ల మిషనుకు వెల్డింగు చేసుండారు సార్, కదలదు. నేల ఎప్పుడూ తడే. మెట్టేస్తే జారి పడతారు’’ అన్నాడు.

గుమ్మం దగ్గర నిలబడి ఉన్న సూపర్‌వైజరు సాయం చేద్దామనుకున్నాడు. ‘‘వాళ్ళు రోజూ కాయల పెట్టెలు బోర్లేసి ఎక్కి నిలబడతారు సార్. జారకుండా పైన గోనెపట్ట కూడా కట్టుకోనుండారు. సారు వస్తా ఉండాడని నేనే అన్నీ ఎత్తి షెడ్డెనక ఏయించినా. క్లీనుగా ఉండల్ల గదా.’’

అంటే నేను కొలిచింది వాళ్ళు రోజూ చేసే పనిని కాదు, నా రాక కోసం ముస్తాబు చేసిన పనిని. మళ్ళీ చూస్తానని నోరు తెరిచేలోపు మేనేజరు కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

‘‘తినే సరుకు పెట్టెల మీద కాళ్ళు పెడతారా? కొనేవాళ్ళు చూస్తే ఏమైతాదప్పా? ఇంక ఒక్క పెట్టె కనబడకూడదు.’’ నా వైపు తిరిగి మళ్ళీ మెత్తబడ్డాడు. ‘‘మీరు చెప్పింది నిజమే సార్. ఆ బల్ల పొట్టోళ్ళకు సరిపోదు. పొడుగు మనుషుల్నే పెట్టుకుంటాము.’’

బల్లను దించడం కంటే మనుషుల్ని మార్చడం తేలిక. ఇందులో లెక్క తప్పేమీ లేదు. మెట్టుకు అడుగున రబ్బరు వేయవచ్చన్నాను, జారని రకం ఉందన్నాను. రాసి పంపమన్నాడు. పంపుతానన్నాను.

సాయంత్రం షిఫ్టు దిగేసరికి సూపర్‌వైజరు ఆ భుజం నొప్పి ఆమెను రేపట్నుంచి రావద్దన్నాడు. నేను గేటు దగ్గరికి వెళ్ళేసరికి ఆమె కడిగిన క్యారియరు వైరుబుట్టలో సర్దుకుంటోంది. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చెప్పాను.

‘‘నేను మీ మీద ఏమీ రాయలేదక్కా. తప్పంతా బల్లదేనని రాశాను.’’

ఆమె బుట్ట చేతికి తగిలించుకుంది.

‘‘బల్ల ఆడనే ఉండాది గదా సార్. పోయేది నేను.’’