చేతులూపే దొరకు దొరికిన కింది గొంతు

ఆ రోజుల్లో మా హిందూపురంలో పాటంటే గొంతు పైకి పోవడమే. ఎంత పైకి పోతే అంత పాటగాడు. నాదేమో కిందికి పోయే గొంతు. మనిషిని చూస్తే కందికట్టె, నోరు తెరిస్తే బావిలోంచి ఎవరో పిలిచినట్టుండేది. బళ్లో ప్రార్థనప్పుడు అయ్యవారు నన్ను పెదవులు మాత్రం కదపమనేవాడు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే మా మామ తన భజన గుంపులో నన్ను ఒక్క రోజు భరించి, "నువ్వు తాళాలు పట్టుకోప్పా, చాలు. నోరు తెరిస్తే దేవుడు బెదురుకుంటాడు" అన్నాడు. (తాళాలు కూడా రెండో వారం వెనక్కి తీసుకున్నాడు.) ఆ గొంతు పనికొచ్చింది బెల్లం మండీలోనే. ఇరవై రెండేళ్లకు అక్కడ వేలం పాట అరిచే గుమాస్తానయ్యాను. నేను "ఒకటోసారి!" అంటే బండ్ల దగ్గర కట్టేసిన ఎద్దులు కూడా చెవులు నిక్కించేవి.

ఒకరోజు మండీకి ఎర్రగా, పొడుగ్గా ఒక దొర వచ్చాడు. ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సమ్మగారి భర్త. బెల్లం సంగతి మరిచిపోయి నా ఎదురుగా నిలబడి, కళ్లు మూసుకుని విన్నాడు. వేలం ముగిశాక నా చెయ్యి పట్టుకుని, "ఏమప్పా, ఏం పని చేస్తాండావు ఈడ?" అన్నాడు. (తెలుగును తమ ఇంటి వంటమనిషి దగ్గర నేర్చుకున్నాడు. అందుకే పెద్ద డాక్టరును కూడా 'ఏమప్పా' అనేవాడు.) "వేలం పాట పాడిస్తాను దొరా" అన్నాను. ఆయనకు 'పాట' ఒక్కటే అర్థమైంది. "పాటకు జీతమిస్తారా! ఎంత మంచి ఊరు!" అని నన్ను కావలించుకున్నాడు. మండీ అంతా చూస్తుండగా నేను సిగ్గుతో బెల్లంలా కరిగిపోయాను.

ఊళ్లో ఆయన్ని రష్యా దొర అనేవారు. "రష్యా కాదప్పా, ఉక్రెయిన్! దొరను కాను, రైతు కొడుకును" అని పాపం అందరికీ చెప్పుకునేవాడు. గోధుమ పండే పల్లెలో పుట్టాడు. వాళ్ల నాయన చర్చిలో పాటగాళ్లను నడిపించేవాడు. యుద్ధం ఊరిని మింగేస్తే జర్మనీలో శరణార్థుల శిబిరానికి చేరి, అక్కడ ఇల్లూ వాకిలీ లేని నలభై మందిని పోగుచేసి పాడించాడు. తర్వాత కెనడాలో పగలు కలప మిల్లులో పని, సాయంత్రం తనలా ఊరు పోగొట్టుకున్న వాళ్లతో పాట. భార్యకు మా ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే ఆమె వెంట వచ్చాడు. ఎదురుగా నిలబడి చేతులూపుతూ పాడించడానికి మనుషులు లేకపోతే ఆయన చేతులు నిలిచేవి కావు. నర్సులు, పంతుళ్లు, ఒక కాంపౌండరు, మసీదు వీధి దర్జీ సాయెబు, మొత్తం ఇరవై మందిమి పోగయ్యాం. రొద్దం వైపు ఆడవాళ్లు కలుపు తీస్తూ పాడే పాటను, అందరూ ఒకేసారి పాడేట్టు, నాలుగు గొంతులకు నాలుగు రకాలుగా పంచాడు. అన్నిటికంటే అడుగున నా గొంతు. "మా దేశంలో ఇట్లాంటి గొంతును వెతుక్కుంటూ ఊర్లు తిరుగుతారు" అన్న రోజున నాకు అన్నం సయించలేదు.

మొదటి కచేరీ పెనుకొండలో. జనం మర్యాదగా విన్నారు, మర్యాదగా లేచిపోయారు. ధర్మవరంలో కూడా ఇంతే అయితే ఈ ముచ్చట చాలించమని ఆసుపత్రి పెద్దలు చెప్పేశారు. బండిలో వస్తున్నంతసేపూ దొర చేతులు ఒళ్లో కదలకుండా ఉన్నాయి.

ధర్మవరం బడి ఆవరణలో, ఆదివారం మధ్యాహ్నం, ముందు వరసలో మా మామ. మేం రెండు చరణాలు పాడామో లేదో లేచి నిలబడ్డాడు. "ఆపండప్పా! ఒకొక్కరు ఒకొక్కటి పాడుతాండారు. ముందు ఏం పాడాల్నో మాట్లాడుకొని రాపోండి!" జనం గొల్లుమన్నారు. దొర తిరిగి చూసి, "ఏమన్నా, నీ మగ్గంలో పోగులన్నీ ఒకే దిక్కు పోతాయా? నిలువు పోగుండాది, అడ్డం పోగుండాది. రెండూ కలిస్తేనే కదా చీర?" అన్నాడు. నేతగాళ్లందరూ సర్దుకుని కూర్చున్నారు.

"ఒక్కో పోగూ చూపిస్తాను" అని ఆడవాళ్లను విడిగా పాడించాడు. తర్వాత దర్జీ సాయెబు బృందాన్ని. చివరికి నా వైపు చెయ్యి చాపాడు. ఒక్కణ్ణే! ఎదురుగా మామ. పాటలో మొదటి మాట గుర్తు రాలేదు. నోరు మాత్రం అలవాటు కొద్దీ తెరుచుకుని, ఆవరణంతా మోగేట్టు "ఒకటోసారి!" అంది.

నవ్వులు గోడలు దాటాయి. నేను దూకడానికి బావి వెతుకుతున్నాను. దొర మాత్రం రెండు వేళ్లెత్తి, నాకంటే గట్టిగా "రెండోసారి!" అని, నవ్వు చల్లారకముందే రెండు చేతులూ పైకి విసిరాడు. ఇరవై గొంతులూ ఒక్కసారిగా లేచాయి. ఈసారి అడుగున నా గొంతు నేలలా నిలబడింది. దాని మీద మిగతావాళ్లు నడిచారు. పాట ముగిశాక ముందు వరసలోంచి మా మామ, కళ్లు తుడుచుకుంటూ, "మూడోసారి!" అని అరిచాడు. మూడోసారీ పాడాం. ఆ మాటకొస్తే అయిదోసారి కూడా.

నాలుగేళ్లుండి దొర కెనడా వెళ్లిపోయాడు. తర్వాత ఒక ఫొటో పంపాడు. వాళ్ల దేశపు పూల కుట్టుపని చొక్కాల్లో వందమంది, ముందు ఆయన. వెనక వంకర తెలుగులో, "వీళ్లు రొద్దం పాట పాడుతాండారు. కింది గొంతులు పది ఉండాయి. నీ అంత లోతు ఎవరూ పోరప్పా" అని రాశాడు. ఆ ఫొటోను మండీలో ఎవరికి చూపించలేదో వాళ్లే చెప్పాలి.

ఇప్పుడు స్నానం చేస్తూ నా భాగం నేను పాడుకుంటుంటాను. "అదేం పాట, తలా తోకా లేకుండా!" అంటుంది మా ఆవిడ బయటినుంచి. నిజమే, కింది గొంతు ఒక్కటీ వింటే పాటలా ఉండదు. మిగతా పందొమ్మిది మందీ ఈమెకు వినిపించరు కదా. నేను ఇంకో చెంబు పోసుకుని, వాళ్లు అందుకునే చోట కాస్త ఆగి, నవ్వుకుని, మళ్లీ మొదలుపెడతాను.