ఫారంలో నా గొర్రెలు

సర్కారు ఉద్యోగులం ఏటా ఇచ్చే ఆస్తుల ఫారంలో ఈసారి పశువులు, పుట్టింటి కానుకలు కూడా దాచకుండా రాయాలని మా సూర్యాపేట ఆఫీసులో గట్టిగా చెప్పారు. పెళ్లప్పుడు నాన్న నాకు అరణంగా ఇచ్చిన రెండు గొర్రెలు ఇరవై ఏళ్లుగా మా పుట్టిన ఊరు చివ్వెంలలో అన్న మందలోనే ఉన్నాయి. వాటికి పుట్టినవన్నీ నావే. కానీ ఎన్నయ్యాయని ఏనాడూ అడగలేదు. అడిగితే తీసుకుపోవడానికే అనుకుంటాడని భయం.

మధ్యాహ్నం ధైర్యం చేసి అన్నను ఫోన్‌లో అడిగేశాను.

"తోలుకపోతవా చెల్లె?"

"లేదన్నా, ఆఫీసు ఫారంల రాయాలె. దాస్తే నౌకరికే మోసమైతది."

"గంతేనా! జరసేపు పరేషాన్ చేసినవ్ గదనే. పన్నెండు రాస్కో."

హమ్మయ్య అనుకున్నాను. పన్నెండు రాసి సంతకం పెట్టబోతుంటే మళ్లీ అన్న ఫోన్.

"చెల్లె, పదిహేడు రాయి. ఇందాక భయానికి తక్కువ జెప్పిన."

నవ్వుకుంటూ పన్నెండు కొట్టేసి పదిహేడు రాశాను. సర్కారు నిజం చెప్పమన్నది నన్ను. ముందు చెప్పింది మాత్రం మా అన్న.

అక్కలూ, చెల్లెళ్లూ, పుట్టింట్లో మీ పేరున ఏం మేస్తోందో మీలో ఎంతమందికి తెలుసు?