మావయ్య కారు పీల్చిన చల్లగాలి

ఆ రోజుల్లో మా వైపు బీయస్సీ పాసైనవాడికి ఉద్యోగం తప్ప తక్కినవన్నీ వచ్చేవి. నాకూ వచ్చాయి. పర్చూరు అవతల నల్లరేగడి పల్లెలో, అమ్మమ్మ ఇంట్లో రెండు పూటలా తింటూ, మోటారు ఎందుకు నీళ్లు తోడదో, రేడియో ఎందుకు గరగరలాడుతుందో, వాన ఎందుకు పడదో అడిగినవాడికీ అడగనివాడికీ ఫిజిక్సు ప్రకారం వివరించేవాణ్ణి. (అడిగినవాళ్లు ఎవరూ లేరు.) నా మాటకి విలువిచ్చిన ఏకైక మనిషి మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆలస్యంగా వచ్చిన పిల్లల చేత ఎండలో గ్రౌండు చుట్టూ పరుగులు తీయించడం ఆయన ఉద్యోగం. తాను మాత్రం ప్రతిచోటికీ ఆలస్యంగా వెళ్లడం ఆయన అలవాటు.

ఆ అలవాటుకి మూలం ఆయన కారు. గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి దాన్ని ఎలా వదిలించుకోవాలా అని ఆలోచిస్తుండగా, సరిగ్గా ఆ సమయానికి మావయ్య వెళ్లి కొనుక్కొచ్చిన రెండు తలుపుల కారు అది. పైనున్న గుడ్డ టాపు చిరిగి ఎగిరిపోయింది కాబట్టి దాన్ని స్పోర్ట్స్ కారు అనేవాడు. ఎద్దుబళ్లు మమ్మల్ని దాటుకుని పోతూ, "ఏం మాస్టారూ, తాడు కట్టమంటారా?" అని జాలిగా అడిగేవి. అంటే, బండివాళ్లు అడిగేవాళ్లు. ఎద్దులు ఊరికే చూసేవి. మావయ్య నల్లకళ్లద్దాలు సర్దుకుని, "ఇంజను ఇంకా వేడెక్కలేదు" అనేవాడు.

చీరాల సంబంధం వచ్చేదాకా అదంతా ఊరికి వినోదమే. అమ్మాయి మిషన్ స్కూల్లో టీచరు. ఎవరిదో పెళ్లిలో ఆమెని చూసొచ్చిన నాటి నుంచీ మావయ్యకి అన్నం సయించడం మానేసింది. ఆమె తండ్రి అక్కడ పాస్టరు గారు, వేళ తప్పడమంటే ఆయనకి సరిపడదు. ఆదివారం ఆరాధనకి రమ్మని రెండుసార్లు పిలిస్తే, రెండుసార్లూ మేము అక్కడ చాపలు చుట్టేస్తుండగా చేరాం. చివరికి మధ్యవర్తి చేత కబురు పంపారు. "వచ్చే ఆదివారం ఆరాధన మొదలయ్యే రెండో గంట కొట్టేలోగా గుళ్లో ఉంటే సరే. లేకపోతే మాకు వేరే సంబంధం ఉంది. అసలు డ్రిల్లు మాస్టారంటేనే నాకు అనుమానం. పసిపిల్లల్ని ఎండలో పరుగెత్తించేవాడి గుండె రాయై ఉంటుంది."

"శుభ్రంగా బస్సెక్కి పోండ్రా ఇద్దరూ" అంది అమ్మమ్మ.

"కారుందని చెప్పి బస్సు దిగితే ఏం బాగుంటుందే?" అన్నాడు మావయ్య.

"ఉందన్న కారుని నెట్టుకుంటూ పోతే బాగుంటుందా?"

ఇక్కడ నేను రంగంలోకి దిగాను. గుంటూరులో పాత పుస్తకాల బండి మీద కొన్న ఇంగ్లీషు కార్ల పత్రిక ఒకటి నా దగ్గరుండేది. అందులో సూపర్‌చార్జరు అనే పరికరం గురించి రాశారు. ఫ్యానుతో ఇంజనులోకి గాలిని బలవంతంగా కుక్కితే పెట్రోలు బాగా మండి కారు రెచ్చిపోతుందట. ఇంట్లోనే బిగించుకోవచ్చట. ఎలా బిగించాలో చెప్పే పేజీని నాకంటే ముందెవరో చించుకుపోయారు. ఎందుకు బిగించాలో చెప్పే పేజీ మాత్రం భద్రంగా ఉంది. బీయస్సీవాడికి అది చాలు.

ఫ్యాను కోసం ఇంగ్లీషు సీమకి రాయక్కర్లేకపోయింది. వీపుకి తగిలించుకుని పత్తికి మందు కొట్టే పవర్ స్ప్రేయరు మా కొట్లోనే ఉంది. దాని పొట్ట విప్పి ఫ్యాను ఊడదీశాం. పిండిమర పాత బెల్టుతో ఇంజను పుల్లీకి తగిలించాం. నూనెడబ్బా కోసి ఫ్యాను చుట్టూ రేకుపెట్టె చేసి, రబ్బరు గొట్టంతో ఇంజనుకి పెట్రోలు అందించే కార్బురేటరుకి కలిపి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టాం. లోపలికి పోయే గాలిని వడకట్టాలని పత్రికలో ఉంది. పత్తి పండే ఊళ్లో వడపోతకి కరువా? గాలి పీల్చే గొట్టం మూతిలో పిడికెడు పత్తి కుక్కాం. ఇక ఆ మూతి ఎటు పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. పైకి పెడదామన్నాడు మావయ్య. నేను ఆయన అజ్ఞానానికి నవ్వాను. "చల్లగాలి బరువు మావయ్యా, కిందికి దిగుతుంది. ఇంజనుకి చల్లగాలే మంచిది. మూతి నేలకి జానెడు ఎత్తులో ఉండాలి." ఫిజిక్సు ప్రకారం అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. మిరపకాయల గురించి మాత్రం మా ఫిజిక్సు పుస్తకంలో ఎక్కడా రాయలేదు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. కారు ఒక్క అరుపు అరిచి ముందుకి దూకింది. ఎద్దుబళ్లని దాటాం. సైకిళ్లని దాటాం. పర్చూరు దగ్గర ఎర్రబస్సుని కూడా దాటాం. (బస్సు ఆగి ఉంది. ఈ వివరం మావయ్య ఇప్పటికీ ఒప్పుకోడు.) అవి కాయలు ఆరబోసే రోజులు. కల్లాలు చాలక రైతులు సగం రోడ్డు మీద కూడా మిరపకాయలు పరిచేవారు, బళ్లన్నీ మిగతా సగంలో ఒద్దికగా పోయేవి. ఎదురుగా పత్తి లారీ వచ్చేసరికి మావయ్య స్టీరింగు తిప్పాడు, మేము కాయల మీదుగా పోయాం. "ఒరేయ్, కాయలు! కాయలురా!" అంటూ ఒక రైతు తలపాగా ఊపుతూ వెంటపడ్డాడు. "మన స్పీడు చూసి ఎంత సంబరపడుతున్నాడో చూడరా" అన్నాడు మావయ్య. నేలకి జానెడు ఎత్తున నోరు తెరుచుకున్న మా గొట్టం మొదట తన పత్తిని తానే మింగి, తర్వాత ఎండుమిరపకాయల్ని మింగింది. ఫ్యాను వాటిని పొడిచేసి రేకుపెట్టెలో దాచుకుంది. ఇవన్నీ తర్వాత విప్పి చూస్తే తెలిసిన సంగతులు. అప్పటికి మావయ్య తుమ్మాడు, నేనూ తుమ్మాను, "చల్లగాలి కదా, జలుబు చేస్తుంది" అని వివరించాను.

చీరాలలో గుడి ఆవరణలోకి కారు దగ్గుతూ చేరేసరికి రెండో గంట ఇంకా కొట్టలేదు. పాస్టరు గారు లోపల ప్రసంగం చూసుకుంటున్నారు. జనమంతా గుమ్మం ముందున్నారు, వాళ్లలో ఆ అమ్మాయి కూడా ఉంది. బుద్ధున్నవాడైతే ఇంజను ఆపి దిగుతాడు. మావయ్య ఆమెకి ఇంజను బలం వినిపించాలనుకుని, గట్టిగా ఒక్క తొక్కు తొక్కాడు. ట్యూబు ముక్క ఊడింది. రబ్బరు గొట్టం కార్బురేటరుని వదిలేసి, బానెట్టు సందులోంచి తల బయటపెట్టి, దారి పొడుగునా మోసుకొచ్చిన కారాన్నంతా గుడి మీదికి ఊదేసింది. పత్తి మీద మందు అంత సమంగా పడి ఉంటే ఆ ఏడు మా జిల్లాలో ఒక్క పురుగు మిగిలేది కాదు.

సరిగ్గా అప్పుడే రెండో గంట కొట్టారు. గంట కొట్టాక బయట నిలబడే ధైర్యం ఆ సంఘంలో ఎవరికీ లేదు. దగ్గుతూ, తుమ్ముతూ, పైటచెంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని అందరూ లోపలికి పోయి కూర్చున్నారు. మేమూ కూర్చున్నాం. వేళకి చేరామన్న తృప్తి తప్ప మాకు ఇంకేమీ మిగల్లేదు. మావయ్య తెల్లచొక్కా గులాబీ రంగుకి తిరిగింది, కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. సంబంధం పోయిందనే ఇద్దరం అనుకున్నాం.

పాస్టరు గారు పశ్చాత్తాపం గురించి ప్రసంగం ఎత్తుకున్నారు. కాసేపు కాగితం చూసి చదివి, తలెత్తి చూస్తే సంఘమంతా కన్నీళ్లు. ముందు వరసలో పెద్దలు కళ్లొత్తుకుంటున్నారు. ఆడవాళ్ల వైపు ముక్కులు ఎగబీల్చడం, వెక్కిళ్లు. ఆయన ఆగిపోయారు. కాగితం పక్కన పెట్టేసి సొంత మాటల్లో చెప్పసాగారు. నిజంగా చాలా బాగా చెప్పారు. ముగించేసరికి ఎవరి కన్నీళ్లు కారానివో, ఎవరివి కావో నాకే తెలియలేదు.

ఆరాధన అయ్యాక ఆ అమ్మాయి మా దగ్గరికి వచ్చింది. కళ్లు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి.

"ఏంటండీ ఆ కారులో?"

"సూపర్‌చార్జరండీ" అన్నాడు మావయ్య. అంత జరిగినా గొంతులో కొంచెం గర్వం మిగిలే ఉంది.

"కారం కదండీ అదీ."

మావయ్య తల దించుకున్నాడు. "కారమేనండి. అయ్యగారికి నేనే చెప్పి క్షమాపణ అడుగుతాను."

"మీరు నోరెత్తకండి!" అంది ఆమె గబుక్కున. "నాన్నగారు వారమంతా కూర్చుని రాసుకుంటారు. జనం నిద్రపోతారు. ఇంటికొచ్చి ఆ పూట అన్నం సరిగ్గా తినరు. ఇవాళ ఆయన ముఖం చూశారా? ఎవరూ చెప్పొద్దని అందరితో చెప్పేశాను. మీరూ చెప్పకండి, మీకు పుణ్యముంటుంది."

ఇంతలో పాస్టరు గారే వచ్చారు. వందనాలు చెప్పాం. ఆయన మావయ్య చేతులు రెండూ పట్టుకున్నారు. "నీ గుండె రాయనుకున్నానయ్యా. పొరపాటు నాది. అందరికంటే ఎక్కువ ఏడ్చింది నువ్వే, నేను చూస్తూనే ఉన్నాను." మావయ్య నోరు తెరిచాడు. ఆయన వెనక నిలబడ్డ కూతురి చూపు చూసి మూసుకున్నాడు. "అవునండి" అన్నాడు. మరో రెండు చుక్కలు రాలాయి. అవి ఏ రకానివో నేను అడగలేదు.

ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో వాడరేవు చేపల పులుసు వడ్డిస్తూ, కారం ఎక్కువైందేమోనని ఆమె తల్లి నొచ్చుకుంది. మాకేమీ తెలియడం లేదన్నాం. నిజమే చెప్పాం. కారుని మాత్రం చీరాల నుంచి ఎద్దుబండికి తాడు కట్టి తెచ్చుకున్నాం.

పాస్టరు గారికి చివరిదాకా ఎవరూ చెప్పలేదు. ఆ ఆదివారం తర్వాత ఆయన మళ్లీ కాగితం చూసి ప్రసంగించలేదు. కాగితం లేకపోవడంతో జనం మేలుకునే ఉన్నారు, కారం అవసరం రాలేదు.

మొన్న నేను కొత్త కారు కొన్నాను. గాలి కుక్కే యంత్రాన్ని కారు కంపెనీవాళ్లే లోపల బిగించి ఇచ్చారట. మావయ్యనీ అత్తయ్యనీ ఎక్కించుకుని చీరాల బయల్దేరాను. "గాలి ఎక్కడి నుంచి పీలుస్తుందిరా ఇది?" అని అడిగాడు మావయ్య. "తెలియదు మావయ్యా" అన్నాను. అడగకపోయినా అన్నీ చెప్పేసిన ఆ బీయస్సీ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. వాడికున్న ధీమాలో నాకిప్పుడు పావు వంతు కూడా లేదు. రోడ్డు పక్కన టార్పాలిన్ పట్టాల మీద మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి. అద్దంలోకి చూస్తే, వెనక సీట్లో అత్తయ్య చేతిసంచీలోంచి రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుంటోంది.