లీడరుకు లీడరు ఎవరు?

ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాక, అరవై ఆరో ఏట, రాంగోపాల్‌పేటలోని ఒక శిక్షణా కేంద్రంలో జావా అనే కంప్యూటరు భాష నేర్చుకోవడానికి చేరాను. తొలి పరీక్షలో నెగ్గినవారికే పై పాఠాలు. 'విద్యార్థి' అనే క్లాసు, అంటే ఒక నమూనా, రాసి, దాని నుంచి ఒక్క పిల్లవాణ్ణి సృష్టించి చూపాలి.

పర్యవేక్షణ లేని పిల్లవాణ్ణి నేను ఊహించలేను. అందుచేత ప్రతి విద్యార్థితోపాటు అతనికొక లీడరు కూడా పుట్టాలని నియమం రాశాను. లీడరూ విద్యార్థే కనుక అతనికీ ఒక లీడరు పుట్టాడు, అతనికి మరొకడు. అందరి ఎదుటా తెర నిండా ఎర్రని తప్పులు పరుగెత్తాయి.

"ఏందీ సార్ ఇది? వేలమంది లీడర్లు పుట్టిన్రు, ఒక్క పోరడు సుత క్లాసుల కూసోలే," అంది మా అధ్యాపకురాలు ఫర్హానా.

"లీడరుకు క్రమశిక్షణ అక్కరలేదా అమ్మా?"

"మరి ఆఖరోనికి లీడర్ ఎవరు? జెర జల్ది చెప్పుండ్రి, అయిదు నిమిషాలే ఉన్నయి."

వెనుక నవ్వులు వినిపించాయి. చివరికి, లీడరుకు మాత్రం పైన ఎవరూ లేరని టైపు చేశాను. ప్రోగ్రాం నడిచింది, నేను నెగ్గాను.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక్క పిల్లవాణ్ణీ అలా పైన ఎవరూ లేకుండా వదలలేదు. ఆ లీడరు ఇప్పుడేం చేస్తున్నాడో అన్న చింత నన్నింకా వీడలేదు.