రవ్వ కోసం పటాన్‌చెరు దాకా

పొద్దున ఆరుంబావుకు మా ఊరి స్టేజీ దగ్గర సంగారెడ్డి బస్సెక్కిన. మాది హత్నూర మండలం. చేతిలో ఒక గుడ్డసంచి, సంచిలో తువ్వాల, తువ్వాలలో మా నాయన కొన్న ట్రాక్టర్ నుంచి విప్పిన, నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్, దాని జోడు కండెన్సర్. చూసినోళ్లకు ఆస్పత్రికి టిఫిను తీసుకపోతున్నట్టుంటది. నిజానికి నేను తీసుకపోతున్నది రోగినే, రెండు ముక్కలుగా.

ఈ ప్రయాణం ఎందుకు పడ్డదో చెప్తా. మా ట్రాక్టర్ డీజిల్‌ది కాదు. పెట్రోల్‌తో మొదలై, వేడెక్కినంక కిరసనాయిలు మీద నడిచే పాతకాలం బండి. డీజిల్ ఇంజనుకు నిప్పురవ్వతో పనిలేదు. దీనికి రవ్వ లేనిదే ఊపిరి రాదు. దసరా ముందురోజు కూడా అన్న దాన్ని ఊరంతా ఒక చుట్టు తిప్పిండు. ఇప్పుడు ప్లగ్గు విప్పి ఇంజనుకు ఆనించి హ్యాండిల్ తిప్పితే చీకట్లో మిణుగురంత వెలుగు కూడా లేదు. ఊళ్లో మెకానిక్‌ను పిలిస్తే, "స్పార్క్ ప్లగ్గా? ట్రాక్టర్‌కా? నవ్వులాటనా పటేలా?" అని బైకెక్కి పోయిండు.

బండి పెట్టుకున్న కొట్టం జాగ కూడా మా పొలం కొన్న కంపెనీకే రిజిస్ట్రేషన్ అయిపోయింది. మర్నాడు తెల్లారితే అక్కడ ప్రహరీ పునాది. మా అన్న నర్సింహులు ఆ కంపెనీ గేటు దగ్గరే సెక్యూరిటీ. ఒకప్పుడు లుంగీ కట్టుకుని కావలి కాసిన పొలానికే ఇప్పుడు యూనిఫాం వేసుకుని కావలి కాస్తుండు. స్టార్టయితే తనే నడుపుకుంటూ వచ్చి సంగారెడ్డిలో నా ఇంటి పక్క ఖాళీ జాగల పెడతనన్నడు. ఇంకో ట్రాక్టర్‌కు తాడు కట్టి గుంజుకపోదామంటే ఒప్పుకోలె.

"నాయన బండిని శవం లెక్క గుంజుకపోనియ్యరా. నడిస్తే నడుస్తది. నాలుగున్నర దాకా సూస్త. ఆ తర్వాత తుక్కోళ్ల లారీకి ఎక్కిస్త."

ఇంతకీ ఈ వైద్యం నాకెందుకు అప్పజెప్పిండంటే, నేను ముప్పై ఏండ్లు ఒక మందుల కంపెనీలో ఎలక్ట్రీషియన్‌ను. ఇంట్లో నా బిరుదు "కరెంటాయన". ఫ్యాను తిరగకపోయినా, పిల్లలు చదవకపోయినా నన్నే పిలుస్తరు.

బస్సులో పక్క సీటామె రాత్రి డ్యూటీ దిగి పోతున్నది. ఆడోళ్లకు ఫ్రీగా ఇచ్చే జీరో టికెట్ మడిచి రవికెలో పెట్టుకుని, నా సంచి దిక్కు చూసింది.

"నెయ్యి డబ్బానా అన్నా?"

"కాదమ్మా, కాయిల్. ట్రాక్టర్‌ది. రవ్వ వస్తలేదు."

"ఇంట్ల మా ఆయన్ది గదే కథ. సప్పుడు బాగనే జేస్తడు, పని మొదలుగాదు."

సంగారెడ్డిలో ఏడున్నరకు దిగిన. ఎనిమిదింటికి పటాన్‌చెరు బస్సు దొరికింది. నిలబడే పోయిన, షిఫ్టులు మారే వేళకు ఈ రోడ్డు మీద సీటు ఆశించేటోడు ఈ ప్రాంతపోడు కాదు. తొమ్మిదింబావుకు దిగి హోటల్లో రవ్వ ఇడ్లీ తిన్న. ఇక్కడ ప్లేటు నిండా రవ్వ దొరికింది, నాకు కావలసిన రవ్వ తప్ప. ఇడ్లీ మెత్తగుంది, చట్నీ పలచగుంది. ఆకలి ఉంటేనే పోండి.

బస్టాండు వెనక సందులో సామ్యేలు మేస్త్రి షెడ్డు. పాత పెట్రోల్ కార్లు బాగుచేసిన చెయ్యి. డెబ్బై దాటినయ్. ఆదివారం చర్చికి, మిగతా ఆరు దినాలు షెడ్డుకు. నేను పోయేసరికి ఎవరిదో జనరేటర్ విప్పుకుని కూసున్నడు. పదకొండు దాకా స్టూలు మీద నన్ను పక్కన పెట్టిండు. తర్వాత నా కాయిల్‌ను బ్యాటరీకి కలిపి, వైరు కొస తాకించి తీసిండు. టప్పున నీలిరవ్వ దుంకింది. ఎంత బలంగా అంటే మేస్త్రి అద్దాల్లో రెండు రవ్వలు కనబడ్డయ్.

"కాయిల్ బంగారం," అన్నడు. కండెన్సర్‌ను కూడా చూసిండు. "ఇది జెర ముసలిదే గని, నాకన్నా నయం. నీ రోగం ఈ సంచిలో లేదు సార్. పాయింట్లు చూసినవా?"

పాయింట్లంటే డిస్ట్రిబ్యూటర్ అనే నల్ల మూత డబ్బాలో ఒకదాన్నొకటి తాకుతూ విడిపోతూ ఉండే రెండు చిన్న లోహపు బొడిపెలు. అవి తాకితేనే కాయిల్‌కు కరెంటు, విడిపోతేనే రవ్వ.

"పాయింట్లకేం కాలేదు మేస్త్రీ. దసరాకు మూత తీసి నేనే సాఫ్ చేసి పెట్టిన."

"నువ్వే చేసినవా? అయితే సరే." నా ముప్పై ఏండ్ల సర్వీసు మీద ఆయనకు నాకన్నా ఎక్కువ నమ్మకం. "ఒక కొత్త కండెన్సర్ వేసి చూడు ఇగ. పాత సామాను అమ్మేటాయన పారిశ్రామికవాడల ఉంటడు."

ఇక్కడే ఒక మాట రాసి పెట్టుకోండి. నా జేబులో టెస్ట్ ల్యాంపు ఉంది, కరెంటు వస్తుందో లేదో చూపే బుడ్డి బల్బు. ముప్పై ఏండ్లు అది లేకుండా ఇంట్లోంచి కదల్లేదు, పెండ్లి చూపులకు కూడా దాంతోనే పోయిన. కాయిల్ విప్పే ముందు దాన్ని పాయింట్ల దగ్గర పెట్టి ఉంటే అర నిమిషంలో తేలిపోయేది. నేను చేసిన పనిని నేనే పరీక్షించుడేందని పెట్టలె.

ఆటోలో పారిశ్రామికవాడకు పోయిన. గల్లీలు ఒకటే తీరుగున్నయ్, వాసనలు వేరు. వాసన పట్టుకునే దారి అడగాలె. మొదటి దుకాణం బంద్. రెండో దుకాణంలో భోజనానికి పోయిన ఓనరు రెండుంబావుకు వచ్చిండు. పాత అట్టపెట్టెలన్నీ దులిపి ఒక కండెన్సర్ తీసిచ్చేసరికి మూడయింది. బిల్లు రాసేలోపు నిలబడి చూస్తున్న. గోడకు కరెంటు బోర్డు, బోర్డు తలుపు మీద పసుపు, కుంకుమ బొట్టు, ఎండిన బంతిరెక్క. లేతు మిషన్ మీద ఒడిశా కార్మికుడు పనిచేస్తుండు. నేను బొట్టు దిక్కు చూస్తున్నది గమనించి నవ్విండు.

"పూజా కా హై సాబ్. బాహర్ లగాతే హై, అందర్ నహీ. అందర్ లగాయా తో కామ్ ఖతమ్."

బొట్టు బయటనే పెడతరట, లోపల పెడితే పని ఖతమట.

మా మందుల కంపెనీలో దసరాకు, కరెంటు బోర్డులుండే ప్యానెల్ రూమ్ పూజ నా చేతుల మీదే జరిగేది. ప్రతి ప్యానెల్ తలుపు తీసి, లోపలి రేకు మీద బొట్టు పెట్టేటోడిని. బయట పెడితే కడిగేటోళ్లు తుడిచేస్తరు, లోపల పెడితే ఏడాదంతా ఉంటది. అదే అలవాటు. రిటైరైనంక పెట్టనీకి ప్యానెల్ లేదు, ట్రాక్టర్ ఉంది. మొన్న దసరాకు డిస్ట్రిబ్యూటర్ మూత తీసిన, నిజమే. దుమ్ము తుడిచిన, అదీ నిజమే. ఆ తర్వాత నూనెల తడిపిన పసుపు కుంకుమ వేలితో అద్దిన. ప్యానెల్ల జాగ ఉంటది, రేకుంటది. ఈ డబ్బా గుప్పెడంత. వేలు ఎక్కడ తాకిందో ఇప్పుడు కండ్ల ముందట కనబడుతున్నది.

కండెన్సర్ జేబులో వేసుకుని ఉరికిన. సంగారెడ్డి దిక్కు రోడ్డు జామ్. జిన్నారం మీదుగా పోతే జల్దీ అని ఒక షేర్ ఆటో ఆయన పిలిచిండు. ఎనిమిది మందిని ఎక్కించినంక కదిలిండు. నాకు డ్రైవరు పక్కన సగం సీటు. మిగతా సగం గాలిలో ఉంది.

అన్న డ్యూటీల ఉన్నంతసేపు ఫోన్లు గేటు పెట్టెలో ఉంటయ్. నాలుగుంబావుకు తనే ఫోన్ చేసిండు.

"యాడున్నవ్? లారీ వచ్చింది. తప్పు దొరికిందా?"

నోటి దాకా వచ్చింది. తుక్కోళ్లను ఆపు అన్నా, నేనే పాయింట్ల మీద బొట్టు పెట్టిన అని ఒక్క మాట. ఆటోలో ఎనిమిది మంది నా మొహం చూస్తున్నరు.

"దొరికినట్టే ఉందన్నా. వచ్చినంక చెప్త."

"ఉన్నట్టా, లేనట్టా?"

"వస్తున్న గదా, దారిలున్న."

అన్న "సరే తీ" అన్నడు. ఎక్కడలేని ఓపికతో అన్నడు. అట్లా అన్నడంటే ఇగ అడగడు. వెనక సీటు ముసలాయన, "ఎవరికి బాగలేదు బిడ్డా?" అని అడిగిండు. ఫోన్ జేబులో పెట్టుకున్న.

జిన్నారంల దిగి ఇంకో ఆటో, అక్కడి నుంచి ఎవరిదో బైకు. కొట్టం చేరేసరికి అయిదూ నలభై. దూరం నుంచే గ్యాస్ కట్టర్ వాసన.

వెనక చక్రాలు రెండూ లారీల ఉన్నయ్. ముందటి యాక్సిల్ రెండు ముక్కలై నేల మీద పడ్డది. బండి సిమెంటు ఇటుకల మీద కూసుంది. ఇంజను మాత్రం ఇంకా ముట్టుకోలె, బ్యాటరీ కూడా దాని జాగలనే ఉంది. అన్న యూనిఫాంలనే నిలబడ్డడు.

ఎవరితో ఏం మాట్లాడకుండా మూత తీసిన. పాయింట్ల నడుమ ఎర్రటి పెచ్చు, ఎండి గట్టిగా. గోరుతో గీకి, ఎమరీ కాగితం పెట్టి రుద్ది, పెట్రోల్ గుడ్డతో తుడిచిన. పాత కాయిల్, పాత కండెన్సర్ బిగించిన. అన్ని కలిపి పది నిమిషాలు. హ్యాండిల్ అన్నకిచ్చిన.

రెండో తిప్పుకే అందుకుంది.

ఇటుకల మీద, చక్రాల్లేకుండా, ఎక్కడికీ పోలేని ఇంజను దసరా ముందురోజు మోగినట్టే మోగింది. కట్టర్ పట్టినోళ్లు కూడా ఆగిపోయిండ్రు. అన్న బానెట్ మీద చెయ్యి పెట్టిండు.

"ఏముండె?" అన్నడు.

"పాయింట్ల మీద బొట్టు. నేనే పెట్టిన."

"సూసిన," అన్నడు, నా దిక్కు చూడకుండా. "నువ్వు పెట్టేటప్పుడు పక్కనే ఉన్న గద. లోపల పెడుతున్నడేందని అనుకున్న. కరెంటాయనవు, తెలిసే పెట్టినవనుకున్న. మళ్ల అడగలె."

నా చెయ్యి స్విచ్చు దిక్కు పోయింది. అన్న వద్దన్నడు. చిన్న ట్యాంకుల పెట్రోల్ అయిపోయేదాకా మోగనిచ్చిండు. తడబడి, రెండుసార్లు దగ్గి, ఆగింది. అప్పుడు తుక్కోళ్ల దిక్కు తిరిగి, "ఇగ కానియ్యండ్రి" అన్నడు. నాతో, "బస్సుకు టైమైతుంది, పో" అన్నడు. తిట్టి ఉంటే బాగుండు.

ఏడూ పదికి సంగారెడ్డి బస్సు దొరికింది. ముందు సీటు. పాత పెట్రోల్ బండి ఉన్నోళ్లెవరైనా ఈ దారిన పోవాలనుకుంటే నా సలహా ఒకటే: పటాన్‌చెరు దాకా పోవాల్సిన పనిలేదు. ముందు మీ చేత్తో మీరు మూసిన మూత తీయండి. అందులో తప్పు దొరికితే, ఫోన్లోనే చెప్పండి.

కంపెనీ గేటు దాటినంక మా బస్సు ముందటికి తుక్కు లారీ వచ్చింది. సంగారెడ్డి దాకా దాని వెనకాలే పోయినం. డ్రైవర్‌కు ఓవర్‌టేక్ చేసే జాగ దొరకలె. లైట్ల వెలుగులో, వెనక్కి తిప్పి వేసిన బానెట్ కనబడుతనే ఉంది. దాని నడి నెత్తి మీద దసరాకు అన్న పెట్టిన బొట్టు. బయట పెట్టింది, ఎండకు జెర వెలిసింది అంతే, చెదరలేదు.